గుండె తనకు తాను చేసుకునే వైద్యం

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు కదా, నేను జీవితమంతా పిల్లలకు చెప్పిన పాఠమే రాస్తానన్నాను. వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ చెప్పడం నా వృత్తి. ఈ పాఠమే రాయాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. పదేళ్ల కిందట మనం కలిసినప్పుడు మాటలన్నీ పిల్లల చదువులు, పెళ్లిళ్ల చుట్టూ తిరిగేవి. పోయిన సంక్రాంతికి కలిసినప్పుడు చూస్తే ఎవరికి ఎన్ని స్టెంట్లు పడ్డాయన్న లెక్కలు. ఒకడికి రెండు, ఇంకొకడికి బైపాస్. ముందు బెంచీలో కూర్చునే ఇద్దరు ఇప్పుడు లేరు.

ఆ రోజు ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "నాకు అటాక్ రాకముందు రెండు మూడు దినాలు నొప్పి వచ్చి పోతా ఉండె. డాక్టరేమో, అట్ల ముందుగా నొప్పి రావడం నీ అదృష్టం అన్నాడు. నొప్పి వచ్చేది అదృష్టమేందప్పా?"

ఆ డాక్టరు మాటలో నిజం ఉంది. కానీ అది అర్థం కావాలంటే ఒక వందేళ్ల కథ చెప్పాలి. టీ తాగే సమయంలో అయ్యే పని కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ కథ భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడితో మొదలవుతుంది కాబట్టి మన సంచికలో దీనికి చోటు ఉండాలని నా అభిప్రాయం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. (ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి పదో తరగతి తప్పిన పిల్లలకు చెప్పవచ్చు.) మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక, గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావలసినవాడికి దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికిచ్చారు. కొన్నాళ్లు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సహాయంతో 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. చేతిలో డబ్బు లేదు. అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నాడు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే అధ్యాపకుడి దగ్గర ఆయనకు అప్పజెప్పిన పని పైకి చాలా చప్పగా కనిపిస్తుంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి ఒక మంచి పద్ధతి కావాలి. 1925లో ఆ ఇద్దరూ కలిసి ప్రకటించిన పద్ధతిలో, నమూనాకు మాలిబ్డేట్ ద్రావణం, ఆ పైన ఇంకొక రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువ ఉంటే రంగు ముదురు, తక్కువ ఉంటే లేత. బట్టలకు నీలిమందు పెట్టేటప్పుడు బకెట్టులో నీళ్ల రంగు చూసి ఎంత పడిందో చెప్పే మన ఇళ్లలోని ఆడవాళ్లకు ఈ సూత్రం కొత్తేమీ కాదు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. ప్రపంచమంతా జీవరసాయన శాస్త్రం చదివిన కొన్ని తరాల విద్యార్థులు ఆ పేరుతోనే దాన్ని నేర్చుకున్నారు. నా విద్యార్థులూ నేర్చుకున్నారు.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. రక్తం నమూనాలో రంగు త్వరగా వచ్చి ఒకచోట ఆగిపోయేది. కండరం నుంచి తీసిన నమూనాలో మాత్రం ఆగేది కాదు, మెల్లగా ముదురుతూనే పోయేది. మామూలుగా ఎవరైనా మందు పాతదై ఉంటుందని పారబోసి కొత్తది కలుపుకుంటారు. వీళ్లు ఆ ఆలస్యం ఎందుకని ఆలోచించారు. కండరంలో ఫాస్ఫేట్ ఇంకేదో పదార్థానికి అతుక్కుని ఉంది, ఆమ్లం తగిలేసరికి అది కొంచెం కొంచెంగా విడిపోతోంది, విడిపోయిన కొద్దీ రంగు ముదురుతోంది అని తేల్చారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతుంది. 1927లో ఈ సంగతి ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా దాని జాడ పట్టుకున్నారు. అప్పటివరకు కండరానికి బలం లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని నమ్మేవారు. ఆ రంగంలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఒక నీలిరంగు ఆలస్యంగా రావడంతో ఆ నమ్మకం కదిలిపోయింది.

రెండేళ్లకు, 1929లో, అదే కండరంలో ఇంకో పదార్థం బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్ ముందుగా ప్రకటించాడు. కొద్ది వారాలు, నెలల తేడాలో ఫిస్కే, సుబ్బారావు విడిగా తాము కనుగొన్నది ప్రకటించారు. అది ఏటీపీ, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. "కణానికి శక్తి నాణెం" అని మన బడిలో బల్లగుద్ది నేర్పించిన ఏటీపీ ఇదే. అడినోసిన్ అనే తలకు మూడు ఫాస్ఫేట్ల తోక. తోక చివరి ముక్క తెగినప్పుడు వచ్చే శక్తితో కండరం ముడుచుకుంటుంది. తెగిన తోకను ఫాస్ఫోక్రియాటిన్ మళ్లీ అతికిస్తుంది. గుండె రోజుకు సుమారు 6 కిలోల ఏటీపీని ఖర్చు చేసి మళ్లీ తయారు చేసుకుంటుందని లెక్క. అంటే తన బరువుకు ఇరవై రెట్ల కంటే ఎక్కువ. నిలువ మాత్రం కొద్ది సెకన్లకే సరిపోతుంది. ఏ రోజు కూలి ఆ రోజు తినే కుటుంబం లాంటిది గుండె.

ఏటీపీ ఎంత ఉంది అన్నది సగం కథే. అది పూర్తిగా తెగిపోతే ఏమవుతుంది? మూడు ఫాస్ఫేట్లూ ఊడిపోయాక మిగిలేది ఒట్టి అడినోసిన్. పొయ్యిలో కట్టె కాలిపోయాక మిగిలిన బూడిద అన్నమాట. ఆ బూడిదకు ఉన్న గుణం కూడా అదే 1929లో బయటపడింది, ఇంకొక దేశంలో. కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్ జార్జీ అనే ఇద్దరు గుండె కండరం నుంచి రసం తీసి జంతువుల రక్తంలోకి ఎక్కించారు. గుండె వేగం తగ్గింది, గుండెకు రక్తం తెచ్చే నాళాలు వెడల్పయ్యాయి, రక్తపోటు పడిపోయింది. ఆ పని చేసింది అడినోసిన్ జాతి పదార్థమని తేల్చారు. ఈ సెంట్ జార్జీకే ఆ తర్వాత, 1937లో, విటమిన్ సి మీద చేసిన కృషికీ మరికొన్నిటికీ నోబెల్ వచ్చింది.

చూడండి, ఒకే ఏడాది ఒకచోట కట్టె దొరికింది, ఇంకోచోట బూడిద దొరికింది. రెండింటినీ ఒక తాటి మీదికి తేవడానికి ముప్పై నాలుగేళ్లు పట్టింది. విజ్ఞాన చరిత్రలో ఇలాంటి ఆలస్యాలు మామూలే. ఎవరి ప్రయోగశాల వారిది, ఎవరి పత్రిక వారిది.

1963లో అమెరికాలో రాబర్ట్ బర్న్ ఆ రెండింటినీ కలిపాడు. జర్మనీలో గెర్లాక్ బృందం కూడా ఆ ఏడాదే ఇదే ఆలోచనకు వచ్చింది. ఆ ఆలోచనను చెప్పడానికి నేను తరగతిలో మన బనకచర్లనే వాడుకునేవాణ్ణి. పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి బయలుదేరిన నీళ్లు బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర తెలుగుగంగకు, కేసీ కాలువకు, ఎస్సార్బీసీకి చీలిపోతాయి కదా. ఏ గేటు ఎంత ఎత్తాలో అధికారులు నిర్ణయిస్తారు. చివరి ఆయకట్టు రైతు పైరు ఎండుతోందని అర్జీ పెట్టుకోవాలి, అది పై దాకా పోవాలి, అప్పుడు గేటు లేవాలి. గుండెలో ఈ బాధ లేదు. ఎండుతున్న చేనే స్వయంగా గేటు ఎత్తుకుంటుంది. రక్తం తగ్గితే ఆక్సిజన్ తగ్గుతుంది. ఏటీపీ తిరిగి తయారుకాక తెగిపోతూ అడినోసిన్ మిగులుతుంది. అది కణం నుంచి బయటికి కారి పక్కనున్న రక్తనాళాన్ని వదులు చేస్తుంది. రక్తం పెరుగుతుంది. అర్జీ, ఆమోదం, గేటు అన్నీ ఒకే అణువు.

గుండెకు ఈ ఏర్పాటు ఎందుకు అంత అవసరమంటే, అది విశ్రాంతిలో ఉన్నప్పుడే తనకు వచ్చే రక్తంలోని ఆక్సిజన్‌లో దాదాపు 70 శాతం పీల్చేసుకుంటుంది. కాళ్ల కండరాలకు పని పెరిగితే అదే రక్తం నుంచి ఇంకొంచెం పిండుకోవచ్చు. గుండెకు పిండుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని రక్త ప్రవాహమే పెరగాలి. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అది నాలుగైదు రెట్లు పెరగగలదు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. మామూలు నడక, పరుగులప్పుడు ఈ పని అడినోసిన్ ఒక్కటే చేయదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. నాళాల లోపలి పొర నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ వంటివి కూడా ఉన్నాయి. (దాన్ని కనిపెట్టినందుకు 1998 నోబెల్. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ చేసేది ఆ నైట్రిక్ ఆక్సైడ్‌ను బయటినుంచి అందించడమే.) నిజంగా కొరత వచ్చినప్పుడు మాత్రం అడినోసిన్ పాత్ర పెద్దది.

అది చేసే రెండో పని నాళాల మీద కాదు, గుండె కండరం మీదే. కండర కణం పైన ఏ1 అనే గ్రాహకం ఉంటుంది. దానికి అడినోసిన్ తగిలితే అడ్రినలిన్ కొరడా దెబ్బ మెత్తబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఖర్చు తగ్గుతుంది. కరువులో పొదుపు లాంటిది. దీన్నే వైద్యులు మందుగా కూడా వాడుకుంటున్నారు. గుండె ఒక్కసారిగా నిమిషానికి రెండు వందల దాకా పరుగెత్తే ఒక రకం జబ్బులో 6 మిల్లీగ్రాముల అడినోసిన్ నరంలోకి వేగంగా ఇస్తారు. రెండు మూడు సెకన్లు గుండె ఆగినట్టే ఉంటుంది, రోగికి ప్రాణం పోయినంత భయం వేస్తుంది, ఆ తర్వాత సవ్యంగా కొట్టుకుంటుంది. రక్తంలో అడినోసిన్ ఆయుష్షు పది సెకన్లు కూడా ఉండదు కాబట్టి ఆ భయమూ అంతలోనే పోతుంది. మనం తాగే కాఫీ, టీలలోని కెఫీన్ చేసేదల్లా ఈ గ్రాహకాల దగ్గర అడినోసిన్‌ను కూర్చోనివ్వకుండా తాను కూర్చోవడం. అందుకే కొన్ని గుండె పరీక్షలకు ముందు కాఫీ, టీ మానమంటారు.

అయితే ఇందులో ఒక నష్టం ఉంది. అడినోసిన్ ఊరికే రాదు, ఏటీపీని తెంచుకుంటేనే వస్తుంది. కణం బయటికి పోయిన అడినోసిన్ పూర్తిగా తిరిగి రాదు. మళ్లీ అంత ఏటీపీ కట్టుకోవడానికి గుండెకు రోజులు పడుతుంది. విత్తనాలకు దాచిన గింజలు అమ్మి మందు కొనుక్కున్నట్టు.

ఇప్పుడు మా పెద్దమామ సంగతి చెప్పాలి. 1980ల చివర్లో, నేను ఉద్యోగంలో కుదురుకున్న కొత్తలో, సెలవులకు వచ్చినప్పుడు ఆయన అడిగాడు. "ఏరా అల్లుడా, ఇల్లు దాటి చింతచెట్టు కాడికి పోతానే ఎదురొమ్ము పట్టేస్తాది. అరుగు మీద కాసేపు కూచుంటే పోతాది. ఆపైన చేను దాకా నడిచినా ఏమీ ఉండదు. ఇదేం నొప్పిరా, మొదట్లో వచ్చి తర్వాత రానిది?"

ఆ నొప్పికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. గుండె నొప్పిని ఆంజైనా అనే పేరుతో 1772లో వర్ణించిన లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్, రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకుని దాదాపు బాగైన ఒక రోగి గురించి రాశాడు. మొదటి నడకలో నొప్పి వచ్చి, కాసేపు ఆగి మళ్లీ నడిస్తే రాకపోవడాన్ని వైద్యులు చాలాకాలంగా చూస్తూనే ఉన్నారు. ఎందుకలా అన్నదానికి సరైన సమాధానం మాత్రం లేదు. సమాధానం దగ్గరికి తీసుకెళ్లిన ప్రయోగం మా మామ నన్ను అడగడానికి రెండు మూడేళ్ల ముందే జరిగింది, 1986లో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో.

అక్కడ రాబర్ట్ జెన్నింగ్స్, కీత్ రైమర్ ఎన్నో ఏళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని ఉన్నారు. రక్తం ఆగిపోతే గుండె కండరం ఎంతసేపట్లో చస్తుంది? కుక్కల గుండెలో ఒక నాళాన్ని బిగిస్తే ఇరవై నిమిషాల దాకా కండరం తిరిగి కోలుకోగలదు. ఆ తర్వాత లోపలి పొర నుంచి మొదలై చావు అలలాగా బయటి పొర వైపు పాకుతుంది, కొన్ని గంటల్లో ఆ భాగమంతా పోతుంది. ఇది వాళ్లు అప్పటికే చూపించారు. ఇక వాళ్లకు వచ్చిన అనుమానం ఇది: పెద్ద దెబ్బకు ముందు చిన్న చిన్న దెబ్బలు తగిలితే నష్టం పెరుగుతుందా? అప్పు మీద అప్పు చేస్తే ఇల్లు గుల్లవుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ చిన్న దెబ్బలు వరుసగా తగిలినా మొదటిసారి పడిపోయిన ఏటీపీ తర్వాత అంతగా పడిపోవడం లేదని వాళ్లు గమనించారు.

చార్ల్స్ మరీ అనే విద్యార్థితో కలిసి పరీక్షించారు. ఒక గుంపు కుక్కలకు నాళాన్ని 40 నిమిషాలు బిగించి వదిలారు. రెండో గుంపుకు ముందుగా ఐదు నిమిషాలు బిగించడం, ఐదు నిమిషాలు వదలడం, ఇలా నాలుగుసార్లు చేసి, ఆ తర్వాత అదే 40 నిమిషాలు బిగించారు. చచ్చిన కండరం రెండో గుంపులో మొదటి గుంపుతో పోలిస్తే నాలుగో వంతే. మొత్తంగా ఎక్కువసేపు రక్తం లేకుండా ఉన్న గుండెకే తక్కువ నష్టం. ఈ ఫలితం మొదట వినేవాళ్లు తప్పు విన్నామనుకునేవారు. ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు, చాలా రకాల జంతువులలో మళ్లీ మళ్లీ చేసి చూశాయి. అదే ఫలితం.

దాని వెనుక ఉన్నది ఎవరు? 1991లో జేమ్స్ డౌనీ బృందం కుందేళ్లలో తేల్చింది. అడినోసిన్ గ్రాహకాలను మూసేసే మందు ఇస్తే రక్షణ పోయింది. నాళాన్ని బిగించకుండా అడినోసిన్ ఇస్తే రక్షణ వచ్చింది. అంటే మొదటి ఐదు నిమిషాల కొరతలో పుట్టిన ఆ బూడిదే "కరువు వస్తోంది, సర్దుకో" అని కణానికి చెప్పింది. అడినోసిన్ ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. శరీరంలోనే పుట్టే నల్లమందు జాతి పదార్థాలు, బ్రాడీకైనిన్ అనే ఇంకొకటి కూడా కలుస్తాయి. బురదలో దిగబడిన బండిని ముగ్గురు కలిసి తోసినట్టు, వాటి బలాలు కలిసి ఒక మేర దాటితే రక్షణ మొదలవుతుంది. ఆ సంకేతం కణంలోని మైటోకాండ్రియాకు చేరి, రక్తం తిరిగి వచ్చిన క్షణంలో అవి పగిలిపోకుండా కాపాడుతుంది. రక్తం ఆగడమే కాదు, ఒక్కసారిగా తిరిగి రావడం కూడా కణానికి దెబ్బే.

బ్రాడీకైనిన్ పేరు వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. ఊరి పేరులోనే పాముల్ని పెట్టుకున్నవాళ్లం, ఇది చెప్పకుండా పోలేను. 1949లో బ్రెజిల్‌లో రోచా ఎ సిల్వా, ఆయన సహచరులు జరారాకా అనే పాము విషం రక్తంలో కలిస్తే ఏమవుతుందో చూస్తూ ఈ పదార్థాన్ని కనిపెట్టారు. అది విషంలో ఉన్నది కాదు, విషం తగిలి మన రక్తం నుంచే పుట్టింది. 1960లలో అదే దేశపు సెర్జియో ఫెరీరా ఆ విషంలోనే బ్రాడీకైనిన్ త్వరగా కరిగిపోకుండా అడ్డుకునే ముక్కలను పట్టుకున్నాడు. వాటి నమూనాలో తయారైన మాత్రే కాప్టోప్రిల్, 1981లో వాడకానికి వచ్చింది. మనలో చాలామంది వేసుకునే ఎనాలప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్లు. ఆ మాత్రలతో కొందరికి వచ్చే పొడి దగ్గుకు కారణం కూడా పేరుకుపోయిన ఆ బ్రాడీకైనినే అంటారు.

మళ్లీ మిత్రుడి ప్రశ్న దగ్గరికి వస్తాను. కుక్కలలో, కుందేళ్లలో కనిపించింది మనుషుల్లో ఉందా? గుండెపోటు వచ్చిన రోగుల మీద 1995లో ప్రకటించిన ఒక అమెరికా అధ్యయనంలో, అంతకుముందు ఆంజైనా నొప్పి ఉన్నవారికి కండర నష్టం తక్కువగా, ఆసుపత్రిలో మరణాలు తక్కువగా కనిపించాయి. ముందు వచ్చిపోయిన నొప్పులు ఆ ఐదు నిమిషాల బిగింపుల లాంటివన్నమాట. డాక్టరు అదృష్టమన్నది దీన్నే. మన వయసువాళ్లకు సంబంధించిన ఒక ముక్క కూడా చేర్చాలి. 65 దాటినవారిలో ఈ ముందు నొప్పుల మేలు కనిపించలేదని ఇటలీ వైద్యులు 1997లో చూపించారు. వయసుతో పాటు ఈ అలవాటు కూడా గుండె మరిచిపోతుందేమో.

ఇంత బాగా అర్థమయ్యాక దీన్ని మందుగా మార్చడం ఎంతసేపు అనుకున్నారు అందరూ. 1993లో ఇంకో ఆశ పుట్టింది. గుండెలో ఒక నాళాన్ని కాసేపు బిగిస్తే దాని పక్క భాగం కూడా రక్షణ పొందుతుందని కనిపించింది. అలాగైతే చేతికి బీపీ పట్టీ కట్టి ఐదేసి నిమిషాలు బిగించి వదిలినా గుండెకు రక్షణ రావాలి కదా అని మొదలుపెట్టారు. ఖర్చు లేదు, కోత లేదు. మన లాంటి దేశానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ 2015లో గుండె ఆపరేషన్ల మీద రెండు పెద్ద పరీక్షలు, 2019లో ఐదు వేలకు పైగా గుండెపోటు రోగుల మీద ఇంకొకటి జరిగాయి. మూడింట్లోనూ మేలు కనిపించలేదు. ప్రయోగశాల జంతువు వయసులో ఉన్నది, జబ్బులు లేనిది. మన రోగికి షుగరు, బీపీ, పది మాత్రలు. కొన్ని మత్తుమందులే ఈ రక్షణను చెరిపేస్తాయని కూడా కొందరి అనుమానం. నాకు మాత్రం ఆ పరిశోధన వృథా అయిందనిపించదు. గుండె ఎందుకు చస్తుందో అంత వివరంగా తెలిసింది దానివల్లే.

1986 నాటి ఆ వ్యాసంలో ఇంకో భాగం ఉంది. దాన్ని చాలామంది గుర్తుపెట్టుకోరు. అదే నాలుగు చిన్న బిగింపులు చేసి, ఆ తర్వాత 40 నిమిషాలకు బదులు మూడు గంటలు బిగించి ఉంచిన కుక్కలు కూడా ఉన్నాయి అందులో. వాటికి రక్షణ ఏమీ మిగలలేదు. చిన్న దెబ్బలు తిన్నవీ, తిననివీ ఒకటే. గుండె తనకు తాను చేసుకునే వైద్యం గడువు పెంచుతుంది అంతే. ఆ గడువులో నాళం తెరుచుకోకపోతే అడినోసిన్, బ్రాడీకైనిన్ ఎన్ని ఉన్నా ఒకటే.

నాళం తెరిస్తే ప్రాణాలు దక్కుతాయని పెద్ద పరీక్షలో ఎప్పుడు తేలింది? అదే 1986లో. ఇటలీలో పదకొండు వేలకు పైగా రోగుల మీద జరిగిన పరీక్షలో గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇస్తే మరణాలు 18 శాతం తగ్గాయి. నొప్పి మొదలైన గంటలోపు ఇచ్చినవారిలో 47 శాతం తగ్గాయి. కుక్కల్లో చూసిన గంటల లెక్కే మనుషుల్లోనూ కనిపించింది.

సుబ్బారావు కాలానికి ఇవేవీ లేవు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక, 1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరి, అక్కడ ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ వంటి వాటి వెనుక నిలబడ్డాడు. ఆ కథ చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి పోయాడు. ఆ రోజుల్లో గుండెపోటుకు వైద్యమంటే వారాల తరబడి మంచం దిగకుండా పడుకోబెట్టడమే. కండరానికి ఇంధనం ఏమిటో చెప్పినవాడి గుండె కండరాన్ని కాపాడే మార్గం ఎవరికీ తెలియదు.

మన ఊరి వైపు పరిస్థితి ఎంతో మారింది. 2005 ఆగస్టులో మొదలైన 108 వాహనం వస్తుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పెద్దాసుపత్రుల్లోనే కాకుండా చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల దాకా చేరింది. ఆత్మకూరు, నంద్యాల, కర్నూలు రోడ్లు బాగుపడ్డాయి. మా మామ రోజుల్లో పొద్దున మొదటి బస్సే దిక్కు.

ఆయనకు ఈసీజీ తీయించమని, మాత్రలు వాడమని నేను చెప్పాను. మాత్రలు వాడాడు. ఈసీజీకి, "ఈ పంట ఎత్తినంక పోదాంలేరా" అన్నాడు. ఆ రాత్రి పదకొండింటికి నొప్పి వస్తే, ఎప్పటిలాగే కాసేపటికి పోతుందనుకుని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడట. అత్త లేచి బండి కట్టిస్తానంటే, ఇది వచ్చి పోయే నొప్పేనని ఆమెను పడుకోబెట్టాడు. ఆసుపత్రి చేరేసరికి తెల్లవారి తొమ్మిది దాటింది. గుండె ముందు గోడలో చాలా భాగం అప్పటికే పోయింది. ప్రాణం మాత్రం మిగిలింది. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. చింతచెట్టు దాకా నడిచి, అక్కడే కూర్చుని, చేనికి పోయి వచ్చేవాళ్లను ఆపి నీళ్లు ఎంతవరకు పారాయో అడిగేవాడు.